తువ్వాల కింద జవాబు

పెబ్బేరు పశువుల అంగడిలో మొయినుద్దీన్ దలారి. అమ్మేవాడి చెయ్యి ఒకసారి, కొనేవాడి చెయ్యి ఒకసారి తన తువ్వాల కిందికి లాక్కుని, వేళ్లు నొక్కి ఎడ్ల ధర తేల్చేవాడు. నోటితో ధర పలకడం అక్కడ ఆచారం కాదు. పలికితే చుట్టుపక్కల వాళ్లు వింటారు, బేరం చెడుతుంది. అలవాటు ఎంత ముదిరిందంటే అతని నోట అవుననిగానీ కాదనిగానీ విన్నవాడు లేడు. నిఖా రోజున ఒప్పుకున్నావా అని ఖాజీ అడిగితే, ఆయన చేతి మీద కూడా తువ్వాల కప్పాడని నేను చెబుతుంటాను. అబద్ధమని అతని భార్య రహీమాబీ ఇప్పటికీ నాతో కొట్లాడుతుంది.

ఇరాక్ మీద అమెరికా దండెత్తిన ఏడు, అంటే 2003లో, అతని తమ్ముడు అజీజ్ కువైట్‌లో లారీ డ్రైవరు. కంపెనీ అతన్ని సరుకుతో ఇరాక్ పంపింది. వానాకాలం మొదట్లో లారీ దొరికింది, అజీజ్ దొరకలేదు. ఎవరో పట్టుకుపోయారని తోటి డ్రైవరు ఫోను చేశాడు. వీధిలో ఫోను మా ఇంట్లోనే ఉంది కాబట్టి మొయినుద్దీన్, అజీజ్ భార్య జబీన్ తెల్లవారుతూనే వచ్చి మా వసారాలో కూర్చునేవారు.

అప్పుడే అమెరికా మన సైన్యాన్ని కూడా ఇరాక్ పంపమని అడుగుతోంది. నేను ఇంగ్లీషు పేపరు చదివి చెప్పేవాణ్ణి.

“ఏమంటుండ్రు సారూ ఢిల్లోళ్లు?” అన్నాడు మొయినుద్దీన్.

“ఆలోచిస్తున్నమంటుండ్రు. ఐక్యరాజ్య సమితి అడిగితే సూస్తమంటుండ్రు.”

“పంపుతరా, పంపరా?”

“అదొక్కటే అంటలేరు.”

అన్ని రోజుల్లో మొదటిసారి అతని ముఖం వెలిగింది. “తువ్వాల కప్పిండ్రు సారూ! అమెరికోళ్లకు ఒక వేలు, అరబ్బోళ్లకు ఒక వేలు. నాకంటే పెద్ద దలారులు!”

“ఎడ్ల బేరమా భాయ్‌సాబ్ ఇది?” అంది జబీన్. “ఆయన పాణం!”

ఒక మధ్యాహ్నం ఆ డ్రైవరే మళ్లీ చేశాడు. మొయినుద్దీన్ ఎత్తాడు. ఉర్దూలో అరుస్తున్నాడు, మా అందరికీ వినబడేంతగా. అజీజ్ బతికే ఉన్నాడు. పట్టుకున్నవాళ్ల మనిషి నా పక్కనే ఉన్నాడు. మీ సైన్యం వస్తే అజీజ్ శత్రువు, రాకపోతే అతిథి అంటున్నాడు. అజీజ్‌కు అన్నవి నువ్వే కదా, రాదని నీ నోటితో ఒక్క మాట చెప్పు.

మొయినుద్దీన్ భుజం మీది తువ్వాల తీసి, రిసీవరు పట్టుకున్న చేతి మీద కప్పాడు.

“దేఖేంగే భాయ్,” అన్నాడు. “ఆప్ క్యా బోల్తే?” చూద్దాం, ముందు మీరేమంటారో చెప్పండి అని.

అవతల ఎవరో ఏదో గొణిగారు. లైను తెగిపోయింది.

“రాదనొచ్చు గదా!” జబీన్ రిసీవరు లాక్కుంది. “ఒక్క మాట! రాదనొచ్చు గదా!”

“ముందుగాల మనం జెప్తే ఇంకోటి అడుగుతరనుకున్న బేటీ… జర ఆగితే ఆళ్లే దిగొస్తరనుకున్న…” తువ్వాల కింద అతని వేళ్లు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

ఆ నంబరుకు మళ్లీ మళ్లీ చేశాం. మోగింది, ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకు మోగడం కూడా మానేసింది.

జూలై నడుమ పేపర్లో వచ్చింది. సైన్యాన్ని పంపడం లేదని ఢిల్లీ తేల్చి చెప్పింది. మొయినుద్దీన్ ఆ పేపరు నా చేతిలోంచి గుంజుకుని, ఫోను ముందు విప్పి పరిచాడు, అది చదువుకుంటుందన్నట్టు.

ఆ వారం అంగడికి తువ్వాల లేకుండా పోయాడు. ఎడ్ల ధరలు గొంతెత్తి అరిచాడు. రైతులు మొదట నవ్వారు, తర్వాత పక్కకు తప్పుకున్నారు.

ఇక మా ఫోను మోగితే చాలు, మాకంటే ముందు అతనే ఎత్తేవాడు. “రాదు! మా ఫౌజు రాదు! ఒట్టు!”

ఒకసారి అటువైపు వనపర్తి నుంచి మా వియ్యంకుడు. వేరుశనగ విత్తనాల సంగతి అడుగుదామని చేశాడు. “ఎవరు రారంట? ఎవరు?” అని అడుగుతూనే ఉన్నాడు. జబీన్ రిసీవరు తీసుకుని చెవికి ఆనించుకుంది. ఆయన విసుగొచ్చి పెట్టేసేదాకా వింటూ నిలబడింది.