మలుపు దగ్గర ఆగే కారు

మా మావయ్యకి ఉన్నది ఒకటే పిచ్చి. దారిలో ఆగిపోయే కారు ఒకటి పెట్టుకుని, ఆగిపోతుందని తెలిసి తెలిసీ, కనపడిన వాళ్ళనల్లా ఎక్కించుకుని తిప్పుతాడు. కారు ఆగితే మామూలు మనిషి చక్రాన్ని ఓ తన్ను తంతాడు, తయారుచేసిన వాణ్ణి తిడతాడు. మావయ్య మాత్రం సీటు కాస్త వెనక్కి వాల్చి, రెండు చేతులూ తల కింద పెట్టుకుని, "చల్లారనీ" అంటాడు. అంతే.

ఆ ఒక్క మాట పుణ్యమా అని వీధిలో ఆయన పేరు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. కళ్ళజోళ్ళ దుకాణం బోర్డు మీద రెండడుగుల అక్షరాల్లో ఉంది పేరు. అయినా జనం వచ్చి, సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి, "చల్లారనీ గారి షాపు ఎక్కడండీ?" అని అడుగుతారు. మావయ్య బయటికొచ్చి, "ఇదేనండీ. మీకు కళ్ళజోడు అవసరమే, లోపలికి రండి" అంటాడు.

కారు సంగతి చెప్పాలి. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. వయసులో నాకంటే పెద్దది. ముందు భాగం పడవలా పొడుగ్గా ఉంటుంది, నేలకి జానెడు ఎత్తులో పరిగెడుతుంది. ఒకప్పుడు నిప్పులాంటి ఎరుపట. ఎండకి వెలిసి వెలిసి ఇప్పుడు లేత దానిమ్మ గింజ రంగులోకి వచ్చింది. అందులో కూర్చోవడమంటే బావిలోకి దిగినట్టే. ముందు కాళ్ళు పంపాలి, తర్వాత నడుము, ఆఖర్న తల. ఒకసారి కూర్చున్నాక పక్కన వెళ్ళే లారీల చక్రాలు తప్ప ఏమీ కనపడవు. కప్పు తెరిచే ఉంటుంది కనక పైన మాత్రం ఆకాశం బోలెడంత.

ఆ ఆకాశం కింద ఆగినవాళ్ళు ఒకరా ఇద్దరా? కుట్టుపని చేసే పిన్నిగారు, పోస్టాఫీసు పెద్దాయన, కింది ఫ్లాట్ లెక్కల టీచరు, పెళ్ళికి ముందు మా ఆవిడ. అందరికీ అదే చోటు: వంతెన దాటాక, కొండ ఎక్కే దారిలో రెండో మలుపు.

ఇంత కథ ఉన్న కారుకి ఈ ఏడు చోటు కరువైంది. మావయ్యవాళ్ళ అపార్టుమెంటు కింద స్తంభాలని గట్టిపరచాలన్నారు. నెలాఖరుకల్లా పార్కింగ్ ఖాళీ చేయాలి, ఆ తర్వాత ఇంటికి ఒక్క బండికే చోటు. ఆ ఒక్కటీ అత్తయ్య ఆఫీసుకెళ్ళే చిన్న కారుకి పోయింది. ఇక మిగిలింది రెండే దారులు. అమ్మేయడం, లేదా ఊరి చివర వడ్రంగి షెడ్డులో దాచడం. దాచడమంటే బ్యాటరీ తీసేసి, పెట్రోలు తోడేసి, చక్రాలు నేలకి ఆనకుండా కొయ్య దిమ్మల మీదికి ఎక్కించి, గుడ్డ కప్పేయడం.

"కళ్ళు తెరిచి నిద్రపొమ్మన్నట్టు," అన్నాడు మావయ్య ఆ మాట వినగానే.

"పోనీ అమ్మెయ్యండి," అంది అత్తయ్య.

"అమ్మితే ఇంకెవరింట్లోనో నిద్రపోతుంది."

మూడు వారాలు ఇదే పాట. అత్తయ్యకి ఓపిక అయిపోయింది.

"అమ్ముతారా, దాస్తారా? ఇవాళ తేల్చండి."

"తేలుస్తా. కాఫీ చల్లారనీ."

"అందులో ఐసుముక్కలు వేసి మరీ తెచ్చాను. ఇంకా ఎంత చల్లారాలి?"

మావయ్య గ్లాసులోకి తొంగి చూసి, "ఐసు కరగనీ" అన్నాడు.

చివరికి అత్తయ్యే ప్రకటన ఇచ్చింది. మొదట ఫోన్ చేసినాయన తెలివైనవాడు, తను రాకుండా మెకానిక్‌ని పంపాడు. మెకానిక్ రెండు గంటలు కారు కింద పడుకుని, లేచి, "బంగారంలా ఉందండీ ఇంజను" అన్నాడు. అదేం ఖర్మో, సరిగ్గా అప్పుడే కుట్టుపని పిన్నిగారు అటుగా వచ్చింది.

"బంగారమా! నన్ను నలభై నిమిషాలు కూర్చోబెట్టింది బాబూ మలుపులో."

"నలభయ్యేనా?" అన్నాడు పోస్టాఫీసు పెద్దాయన, తేలిగ్గా తీసిపారేస్తూ. "నాకు గంటన్నర."

"నాకైతే చీకటే పడింది," అంది లెక్కల టీచరు.

పది నిమిషాల్లో గేటు దగ్గర చిన్నపాటి సభ తయారైంది. ఎవరికెంతసేపు ఆగిందో పోటీలు పడి చెబుతున్నారు. అందరూ మావయ్యకి సాయం చేద్దామనే వచ్చినవాళ్ళు! మెకానిక్ చేతులు తుడుచుకుని, "కంటికి కనపడని జబ్బు సార్. దీన్ని నేను ముట్టుకోను" అని వెళ్ళిపోయాడు. మావయ్య పిల్లర్‌కి ఆనుకుని అంతా విన్నాడు.

ఆ వారమే నన్ను పిలిచాడు. నా పరిస్థితి రెండు మాటల్లో చెబుతాను. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. కొలిచి రాయనిదే నాకు ఏదీ నిజమనిపించదు. అప్పటికి మా పాపకి ఐదు నెలలు. ఇంట్లో థర్మామీటర్లు మూడు కొన్నాను. మూడూ ఎప్పుడూ ఒకే మాట చెప్పవు కనక సగటు తీసి రాసేవాణ్ణి. నిమిషానికి ఎన్ని శ్వాసలో ఒక పట్టిక, ఎన్ని తుమ్ములో ఇంకో పట్టిక. మావయ్య వచ్చేసరికి నేను తుమ్ముల గ్రాఫు గీస్తున్నాను.

"అల్లుడూ, ఓ చుట్టు వేసొద్దాం, రా. మళ్ళీ వీలవుతుందో లేదో."

"పాప నిద్రలో ఉంది మావయ్యా. ఇంకో పన్నెండు నిమిషాల్లో..."

"తీసుకెళ్ళండి బాబాయిగారూ," అంది మా ఆవిడ లోపలినుంచి. "నెమ్మదిగా తీసుకురండి. ఏం తొందర లేదు."

వంతెన మీదికి వచ్చేసరికి ఎండ పల్చబడింది. నది మీద పొగలాంటిది లేస్తోంది. ఇంజను చప్పుడు ఒంట్లోంచి వస్తున్నట్టుంది, పిల్లి పొట్ట మీద చెవి పెట్టినట్టు. అద్దం మీద మేఘాలు ఎక్కి, మా తలల మీదుగా వెనక్కి జారిపోతున్నాయి. ఎక్కడికి వెళ్తున్నామని నేనడగలేదు. ఆ కారులో ఎవరూ అడగరు.

రెండో మలుపు. కారు రెండుసార్లు దగ్గి ఆగింది.

"చల్లారనీ," అన్నాడు మావయ్య. దిగి, బానెట్ ఎత్తి, సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళి, వైద్యుడిలా మొహం పెట్టి ఏదో చేసి, వచ్చి సీట్లో వాలాడు.

ఎదురుగా లోయ. కింద ఊరు, అగ్గిపెట్టెలంత ఇళ్ళు. ఏ శబ్దమూ లేదు. ఐదు నిమిషాలు ఊరుకున్నాను. పది నిమిషాలు ఊరుకున్నాను. ఆ తర్వాత నా నోరు నా మాట వినలేదు.

"పాపని ఎత్తుకోవాలంటే భయం మావయ్యా."

"ఊఁ."

"ఎవరైనా చేతికిస్తే కూర్చుని పట్టుకుంటాను. లేచి ఒక్క అడుగు వేయలేదు, ఐదు నెలలైంది. మా ఆవిడకి తెలీదు, ఎప్పుడూ ఏదో రాసుకుంటూ కనపడతాను కదా."

"లేచి నడిస్తే ఏమవుతుంది?"

"పడేస్తాను."

మావయ్య లోయనే చూస్తూ అడిగాడు. "మీ ల్యాబులో గాజు సామాను ఉంటుందేమో?"

"నిండా అదే."

"ఇప్పటిదాకా ఎన్ని పడేశావు?"

లెక్కపెట్టాను. తొమ్మిదేళ్ళు. లెక్కపెట్టడానికి ఏమీ దొరకలేదు. "ఒక్కటీ లేదు," అన్నాను.

"ఊఁ," అన్నాడు మావయ్య. ఆయన దగ్గర ఉన్న సలహా అంతే.

ఏడ్చానో నవ్వానో నాకే తెలీదు. కళ్ళు తుడుచుకోవడానికి ముందుకి వంగితే డాష్‌బోర్డు మీదున్న కళ్ళజోడు పెట్టెకి మోచెయ్యి తగిలింది. మావయ్య ఎప్పుడూ అక్కడే పెట్టుకునే పెట్టె అది. అది జారి కింద పడింది. దాని వెనక ఓ గుండ్రటి మీటరు. ఇంజను వేడి చూపించే ముల్లు చల్లగా, బుద్ధిగా, సగంకంటే కింద నిలబడి ఉంది.

కొలతలు చూస్తే నేను ఊరుకోలేను. దిగి రేడియేటర్ మీద చెయ్యి పెట్టాను. పాలసీసా పాటి వేడే ఉంది; మరిగి ఆగిన ఇంజను ఇంతలో ఇంత చల్లారదు. పైగా కొండంతా ఎండిపోయి ఉంటే, కారు ముందున్న ఒక్క పొద మాత్రం మనిషెత్తు పెరిగి, పచ్చగా, తెల్లటి పూలతో మిసమిసలాడుతోంది. దాని మొదలు తడిగా ఉంది.

"మావయ్యా! నీళ్ళు పొదకి పోస్తున్నారా?"

"మరి పారబోయమంటావా?"

"కారు ఆగలేదు. మీరు ఆపారు."

మావయ్య దొరికిపోయిన పిల్లాడిలా స్టీరింగు తుడిచాడు. "మొదటిసారి నిజంగానే ఆగింది అల్లుడూ. పక్కన కూర్చున్నాయన నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పుకున్నాడు. మర్నాడు బాగుచేయించాను. కానీ..." తుడవడం ఆపి లోయవైపు చూశాడు. "ఎదురెదురుగా కూర్చుంటే కళ్ళు అడ్డమొస్తాయి. కళ్ళజోళ్ళవాణ్ణి, నాకు తెలీదా? ఇందులో ఇద్దరూ ముందుకే చూడాలి. లేచి పోవడానికీ వీలుండదు."

"అలాంటప్పుడు ఆ మెకానిక్‌కి నిజం చెప్పేస్తే అయిపోయేదిగా! కారు లక్షణంగా ఉందని."

"చెప్తే పిన్నిగారు ఏమనుకుంటుంది? కారు ఆగింది, ఊసుపోక నోరు జారింది, అంతే కదా అనుకుంటోంది ఇన్నాళ్ళూ. నేను ఆపానని తెలిస్తే, నేను చెప్పించానని అనుకుంటుంది. వద్దు. కారుకే చెడ్డపేరు ఉండనీ. దానికి సిగ్గులేదు."

నెలాఖరు ఇంకా మూడు రోజులుందనగా పళ్ళ డాక్టరు ఒకాయన వచ్చాడు. వేరే పేట మనిషి, మన సాక్షులెవరూ తెలీదు. మాట తక్కువ. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఒకసారి నడిపి చూపిస్తే చాలండీ, తీసుకుంటాను" అన్నాడు. అడిగిన ధరకి బేరం కూడా ఆడలేదు.

నేను మావయ్యని పక్కకి లాగాను. "ఈసారి ఆపకండి."

"పిచ్చివాడా, అమ్ముదామనేగా వెళ్తున్నది. పది నిమిషాల్లో వస్తాం."

అత్తయ్యా నేనూ గేటు దగ్గర నిలబడ్డాం. పది నిమిషాలైంది. ఇరవై. అరగంటకి అత్తయ్య కుర్చీ తెప్పించుకుంది. గంటకి, "ఇక లాభం లేదు. వడ్రంగికి ఫోన్ చెయ్యి" అంది.

గంటా ఇరవై నిమిషాలకి వచ్చారు. డాక్టరు కారులోంచి బయటపడి, కాసేపు మావయ్య చెయ్యి పట్టుకుని వదల్లేదు. మొహం జ్వరం దిగిన మనిషిలా తేటగా ఉంది. "మంచి కారండీ," అన్నాడు మాతో, నొచ్చుకుంటూ. "కానీ ఆగుతోంది. ఏమనుకోకండి, నేను అర్జంటుగా ఒకచోటికి వెళ్ళాలి." దాదాపు పరిగెత్తాడు.

"ఏం చెప్పాడు?" అన్నాను.

"గాలి బావుందన్నాడు."

అంతకుమించి ఆయన నోట ఎప్పుడూ రాదు. అత్తయ్యకి అసలు సంగతి ఎప్పుడో తెలుసన్నమాట, నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఎందుకాపారు మహానుభావా?"

"వంతెన ఎక్కేలోపల మూడుసార్లు గొంతు సవరించుకున్నాడే! మూడుసార్లు! మాట బయటికి రావట్లేదు పాపం. నేను మాత్రం ఏం చేయను?"

అత్తయ్య ఆయన మొహం చూసి, నవ్వేసి లోపలికి వెళ్ళిపోయింది. అలా ఏదీ తేల్చకుండానే తేలింది. నెల ఆఖరు రోజున కారుని షెడ్డుకి తోలాం. వడ్రంగీ నేనూ జాకీ వేసి ఎత్తాం. మావయ్య నాలుగు కొయ్య దిమ్మలూ తనే సర్దాడు. సీట్ల కింద కలరా ఉండలు పెట్టాడు, గుడ్డ కప్పాడు, మళ్ళీ ఒక మూల ఎత్తి ఏదో చూసుకుని, మళ్ళీ కప్పాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క కూర్చుని, దారి పొడుగునా వెనక్కే చూశాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఎలా ఉందో చూద్దామని షెడ్డుకి వెళ్ళాను. పాప నా భుజం మీద నిద్రపోతోంది. బస్టాపు నుంచి నడిచే వచ్చాను. వడ్రంగి బయట స్టూలు మీద కూర్చుని, పని లేనివాడిలా పెన్సిలు చెక్కుకుంటున్నాడు. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టాడు.

"మెల్లగా అండీ. లోపల ఎవరో ఉన్నారు. రంపం ఆపేశాను."

తలుపు సందులోంచి చూశాను. కారు మీద గుడ్డ లేదు. చక్రాలు గాల్లో ఉన్నాయి. సీట్లలో రెండు తలలు. ఒకటి మావయ్యది, రెండోది ఎవరిదో. ఇద్దరూ చాలా దూరం ప్రయాణం చేస్తున్నవాళ్ళలా ముందుకే చూస్తున్నారు.

"రోజూ ఇంతేనా?" అన్నాను గుసగుసగా.

"వారానికి నాలుగు రోజులు. మొన్న నన్నూ కూర్చోబెట్టారు, తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూడమని." వడ్రంగి పెన్సిలు ఊది చెవి మీద పెట్టుకున్నాడు. "గంట పట్టింది. ఒకటే ఇబ్బందండీ, ఎదురుగా గోడ. ఉత్త గోడ చూస్తూ మనిషి ఎంతసేపని మాట్లాడతాడు?"

అందుకని కారు అద్దానికి సరిగ్గా ఎదురుగా, గోడ రేకు మీద వడ్రంగి సుద్దతో ఒక పెద్ద చదరం గీసి ఉంచాడు. అవతల గడ్డిమైదానం, దాని వెనక ఆకాశం ఉన్నాయట. వాళ్ళు దిగగానే కిటికీ కోసేస్తానన్నాడు.