ఏడు నీళ్ళ ఇసుక

తడిసిన కొబ్బరిపీచు వాసన తగిలితే చాలు, నాకు పోలయ్యగారు గుర్తొస్తారు. ఈ సాయంత్రం డ్యూటీ దిగి కూర్మన్నపాలెంలో ఇంటికొచ్చేసరికి వరండా అంతా అదే వాసన. పాత చేపల తొట్టె, దాని పక్కన తడిపిన పీచు, బకెట్లో బీచి నుంచి తెచ్చిన ఇసుక, చిల్లుల మూత పెట్టిన డబ్బాలో ఒక కుంటికప్ప. కుక్క నోట్లోంచి మా అమ్మాయి విడిపించిందట. "దీనికి ఇల్లు కట్టిపెట్టు నాన్నా" అంది. నాకు నిలబడే ఓపిక కూడా లేదు. అయినా బకెట్ ముందు కూలబడ్డాను.

పోలయ్యగారు పోర్టులో క్రేన్లు బాగుచేసే షెడ్డుకి ఫోర్‌మన్. గోదావరి జిల్లా నుంచి కొత్తగా వచ్చి గాజువాకలో గది తీసుకున్న నన్ను ఆయన కింద వేశారు. సముద్రం మీద వేటకెళ్ళే ఇంట్లో పుట్టిన మనిషి. మాటలు తక్కువ, కోపం ఇంకా తక్కువ. కోప్పడని పైవాడితో ఎంత కష్టమో నాకు తరవాత తెలిసింది. ఆయన షెడ్డు మూల గాజుతొట్టెలో ఒక కప్పని పెంచేవారు. ఇనుపమూత పడి దాని వెనక కాలు నలిగింది. బయట వదిలితే కాకులపాలే.

ఒకసారి ఆ తొట్టెని కొత్తగా సర్దుదామన్నారు. అడుగున గులకరాళ్ళు, పైన కట్టెబొగ్గు ముక్కలు, ఆపైన పీచు, దాని మీద జానెడు తడి ఇసుక. ఆ జాతి కప్ప ఇసుకలో దూరి పడుకుంటుంది. కుళాయి నీళ్ళు కూడా మందు వాసన పోవాలని ముందురోజే పట్టి ఉంచారు. సబ్బు చేతులతో నన్ను దగ్గరికి రానివ్వలేదు.

"దానికి ఒళ్ళంతా నోరేరా బాబూ. ఏటి తగిల్తే అది తాగేత్తాది."

ఇసుక కడిగే పని నాకిచ్చారు. "ఏడు నీళ్ళు పొయ్యాల. ఆఖర్న నాలిక మీదేసుకుంటే సప్పగుండాల" అన్నారు.

ఆ వారమంతా వరసగా డబుల్ డ్యూటీలు. చేతులు పైకి లేవడం లేదు. పైగా ఇసుకంటే నాకు తెలిసింది మా గోదావరి ఇసుకే. మట్టి పోతే చాలు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుందన్న ఆలోచనే రాలేదు. రెండు నీళ్ళకే తేటబడిందని ఆపేశాను.

"ఏడూ పోసినావా?"

"పోశానండి."

"సప్పగుందా?"

"ఉందండి."

నాలుక మీద వేసుకోనేలేదు.

మూడో రోజు కప్ప ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. ఒళ్ళు ముడతలు పడిపోయింది. ఆయన దాన్ని కాసేపు అరచేతిలో పట్టుకున్నారు. తరవాత చిటికెడు ఇసుక తీసి నాలుక మీద వేసుకున్నారు. ఆయన మొహం చూడలేక స్పానర్లు తుడుస్తూ నిలబడ్డాను. తిట్టి ఉంటే ఆ పూటతో పోయేది.

"అలిసిపోనావు కదరా," అన్నారు చివరికి. "అలాగని సెప్తే నాను కడిగేవోణ్ని గదా."

మర్నాడు క్రేను మీద బోల్టులు బిగించే పని నాకే అప్పజెప్పారు. దాని కింద మనుషులు తిరుగుతారు. సాయంత్రం వచ్చి, "అన్నీ అయినాయా?" అని అడిగారు. "ఇంకా నాలుగున్నాయండి. చేతులు పనిచేయడం లేదు" అన్నాను. ఆయన నా చేతిలోంచి స్పానర్ తీసుకుని ఆ నాలుగూ తనే బిగించారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ కప్ప విషయంలో క్షమించమని ఒక్కసారైనా అడగలేకపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ తీరలేదు.

ఈ పూట నాలుగు నీళ్ళు పోశాను. నడుం పట్టేసింది. చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగానే ఉంది. మా అమ్మాయి గుమ్మంలోకి వచ్చి, "అయిపోయిందా నాన్నా?" అంది. అయిపోయిందనడం ఎంత తేలికో నాకు తెలుసు.

"లేదమ్మా. ఇంకా మూడు నీళ్ళు పొయ్యాలి. నేను అలిసిపోయాను."

అది వచ్చి నా చేతిలోంచి బకెట్ తీసుకుంది.