సంపూర్ణమ్మ వసారాలో ముగ్గుగీత

నిడదవోలు స్టేషన్‌లో దిగి గూడ్సు యార్డు వైపు వెళ్ళే సందులో నాలుగో ఇల్లు సంపూర్ణమ్మది. ఇప్పుడు వెళ్ళి వెతక్కండి, లేదు. ఆ చోట సెల్‌ఫోన్లు రిపేరు చేసే కొట్టూ, దాని మీద రెండంతస్తుల డాబా లేచాయి. తొంభైల్లో మాత్రం ఆ సందు మొదట్లోకి రాగానే ఇంగువ పోపు వాసన మనిషిని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయేది. బోర్డు లేదు, బల్లలు లేవు. పెరటి వసారాలో వరసగా ఎనిమిది పీటలు, ఎనిమిది అరిటాకులు. రైల్వేవాళ్ళు, బ్యాంకువాళ్ళు, పెళ్ళికాని మేష్టర్లు రెండుపూటలా అక్కడే తినేవారు.

ఆవిడ దగ్గర ఒకటే చిక్కు. చాలు అన్న మాట ఆవిడ చెవికెక్కదు. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేది. "ఏంటండీ ఆ తినడం? పిచికలు నయం!" అని కసురుకునేది. లేవబోతే "కూర్చోండి, ఇంకా పెరుగు రాలేదు" అని కళ్ళెర్రజేసేది. కడుపు నిండా పెడితే భయం గానీ, బెంగ గానీ, కోపం గానీ మనిషి దగ్గర నిలవవని ఆవిడ గట్టి నమ్మకం. పాతికేళ్ళలో ఆ నమ్మకాన్ని ఎవరూ వమ్ము చెయ్యలేదు. చేసింది ఒక కుక్కపిల్ల.

తొంభై ఆరు నవంబరు తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని పడుకోబెట్టి వెళ్ళిన వారానికి ఆ పిల్ల పెరట్లో తేలింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. ఎంగిలాకుల దగ్గర వీధికుక్కలన్నీ కొట్టుకుంటుంటే ఇది మాత్రం గోడవార నక్కి, అందరూ వెళ్ళాక నాకిన ఆకుల్నే మళ్ళీ నాకేది. జున్ను రంగులో ఉందని సంపూర్ణమ్మ దానికి జున్ను అని పేరు పెట్టింది. వసారా పక్కన మెట్ల కింద గోనెపట్టా పరిచింది. కుక్కని అంతదాకా రానివ్వడమేంటని మొదట్లో ముక్కు విరిచినవాళ్ళు కూడా నెల తిరక్కుండా దాని కోసం అప్పడం ముక్క దాచేవారు.

జున్ను మాత్రం ఎవరి దగ్గరికీ రాలేదు. మనిషి నీడ పడితే చాలు, తోక పొట్ట కిందకి ముడిచి గోడకి అతుక్కుపోయేది. ఒళ్ళంతా వణుకు. సంపూర్ణమ్మ ఒక్కతే ఉంటే వచ్చి కొంగు వాసన చూసేది. వసారాలో దగ్గు వినిపించిందా, మళ్ళీ మెట్ల కిందే. నూతి దగ్గర చేతులు కడుక్కోడానికి వెళ్ళే ప్రతివాడూ వంగి "జున్నూ, రావే, ఏం చెయ్యనులే" అని బుజ్జగించి మరీ వెళ్ళేవాడు. రోజుకి పదహారు బుజ్జగింపులు. ఏడాది గడిచింది, కుక్క పెరిగింది, భయమూ పెరిగింది.

సంపూర్ణమ్మకిది తలవంపుగా ఉండేది. నా ఇంట్లో ఒక ప్రాణి బిక్కుబిక్కుమంటూ తినడమా, అని. తొంభై ఏడు దసరా వెళ్ళాక ఆవిడే ఒక ఉపాయం పన్నింది. జున్నుని తాడుతో తెచ్చి వసారా మధ్యలో కూర్చోబెట్టి, ఎనిమిదిమందినీ చుట్టూ నిలబెట్టి, పప్పూ నెయ్యీ కలిపిన అన్నం తలా ఒక ముద్ద పెట్టమంది. చేతిముద్ద తిన్నాక ఎవరైనా మనవాళ్ళే అవుతారని ఆవిడ లెక్క. కుక్క ఆరు ముద్దలు మింగింది. తినలేదు, మింగింది. ఏడో ముద్ద భాస్కరానిది.

భాస్కరం గూడ్సు గార్డు. పదకొండేళ్ళుగా స్తంభం పక్కన గాలి తగిలే ఆఖరి పీట ఆయనదే. గొంతు పెద్దది. రైలు లేని చోట కూడా ఆయన రైలు చప్పుడు మీద మాట్లాడుతున్నట్టే ఉంటుంది. "తీసుకోవే!" అని ఆయన చెయ్యి చాచాడు. జున్ను ఆ చెయ్యి కొరికి, తాడు తెంపుకుని మెట్ల కిందకి దూరింది.

ఆయన బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్నాడు. ఒక్కో సూదికీ కోపం ఒక మెట్టు ఎక్కింది. ఆఖరి సూది నాడు పీట మీద కూర్చోకుండానే తేల్చేశాడు. "సంపూర్ణమ్మగారూ, మీ వంటకి దణ్ణం. కానీ కార్తీకం వెళ్ళేలోగా దాన్ని ఎక్కడికైనా పంపించెయ్యండి. లేదంటే మేమే వేరేచోటు చూసుకుంటాం. అందరం అనుకున్నమాటే." మిగతా ఏడుగురూ తలలు దించుకున్నారు. ఆ ఎనిమిది ఆకులే ఆవిడ బతుకు. కుక్కని వీధిలోకి తోలితే ఆ భయంతో అది వారం బతకదు.

పశువుల డాక్టరు చూసి, "జబ్బేం లేదమ్మా, భయం. భయానికి నా దగ్గర మందు లేదు" అన్నాడు. పక్కింటావిడ మాట విని మెడలో నల్లతాడు కట్టించింది. జున్ను ఆ తాడుకీ భయపడింది. చివరికి బ్యాంకులో పనిచేసే మణిశంకర్, పీటల్లోకెల్లా చిన్నవాడు, ఒక వార్త పట్టుకొచ్చాడు. వాళ్ళ రాజమండ్రి బ్రాంచి వాచ్‌మన్‌కి బుల్లియ్య అనే ఆయన తెలుసట. పోలీసు కుక్కల దళంలో చేసి రిటైరయ్యాడట. కుక్కలకి పాఠాలు చెప్తాడట.

"కుక్కకి ప్రైవేటు మేష్టరా!" అని వసారా అంతా నవ్వింది. మర్నాడు పొద్దున్నే సంపూర్ణమ్మ పాసెంజరెక్కి, మినపసున్నుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని రాజమండ్రి వెళ్ళింది.

ఆర్యాపురంలో అడిగి అడిగి ఇల్లు పట్టుకుంది. తీరా చూస్తే ఆ ఇంట్లో ఒక్క కుక్కా లేదు. గోడకి కుక్క మెడకి కట్టే తోలు పటకా ఒకటి వేలాడుతోంది. బక్కపల్చటి మనిషి, తెల్లటి బనీను, నెమ్మదైన మాట.

"ఇరవై రెండేళ్ళలో నాలుగు కుక్కలండి. నాలుగోది పోయాక మళ్ళీ పెంచలేదండి. మనసొప్పలేదండి" అన్నాడు పటకా వైపు చూడకుండా. ఆవిడ చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. "ఏడో ముద్ద దాకా ఓర్చుకుందంటే బంగారమండి అది. నన్నలా కూర్చోబెట్టి పెడితే మూడో ముద్దకే కరిచేసేవోణ్ణండి."

సంపూర్ణమ్మకి ఒళ్ళు మండింది. తన చేతి అన్నాన్ని ఇంతమాట ఎవరూ అనలేదు. అయినా సున్నుండల డబ్బా అక్కడే పెట్టి వచ్చింది.

గురువారం ఆయన వచ్చాడు. మెట్ల వైపు వీపు పెట్టి పీటమీద కూర్చుని, పేపరు తీసి, గంటసేపు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివాడు. మధ్యమధ్య జేబులోంచి ఎండుకొబ్బరి ముక్క తీసి, వెనక్కి చూడకుండా జారవిడిచాడు. తర్వాత పేపరు మడిచి లేచాడు.

"ఇదేనా ట్రైనింగు?" అంది సంపూర్ణమ్మ.

"ఆయ్, ఇదేనండి. నేను దాన్ని చూళ్ళేదండి. అది నన్ను చూసుకుందండి. ఈవేళ్టికి చాలండి."

వెళ్ళేముందు ముగ్గుపిండి అడిగి, మెట్లకీ పీటలకీ మధ్య ఒక గీత గీశాడు. మనుషులెవరూ ఆ గీత దాటకూడదు. కుక్క ఎటైనా రావచ్చు. దాన్ని పిలవకూడదు, చూడకూడదు, చేత్తో పెట్టకూడదు. అదెప్పుడైనా బయటికొస్తే ఎవరి ఆకులోకి వాళ్ళు చూసుకోవాలి. అన్నం గిన్నె మెట్ల కింద పెట్టి వెనక్కి తిరిగి వచ్చెయ్యాలి. నాలుగేసి రోజులకి గిన్నెని ఒక బెత్తెడు గీత వైపు జరపాలి.

"పలకరించను కూడా పలకరించొద్దా?" అంది ఆవిడ బేలగా.

"మీ ఇళ్ళల్లో పలకరింపు తట్టుకోవడం మనుషులకే కష్టమండి" అన్నాడు బుల్లియ్య. ఆ తర్వాత మెల్లిగా, "కొత్తచోటికి బెదురుతా వచ్చినోళ్ళని మీరెప్పుడూ చూళ్ళేదాండి?" అన్నాడు.

చూడకేం. తనే వచ్చింది. ఇరవై ఆరేళ్ళ కిందట, ఇరవై ఆరేళ్ళ వయసులో, భర్త పోయిన మూడో నెలలో, అమలాపురం దగ్గరి పల్లెనుంచి ఒక రేకుపెట్టెతో ఈ ఇంటికే వచ్చింది. అప్పుడీ భోజనాలు నడిపేది పెద్దమ్మ మహాలక్ష్మమ్మ. సంపూర్ణమ్మ వంటింట్లోంచి ఎనిమిది నెలలు బయటికి రాలేదు. మగవాళ్ళ గొంతులు వినిపిస్తే తలుపు దగ్గరగా వేసేసుకునేది. వసారాలోకి మజ్జిగ అందించడం ఒక్కటే ఆమె పని. కుండ గడప లోపల ఉండేది, తలుపు చాటునుంచి చెంబుతో ముంచి చెయ్యి మాత్రం బయటపెట్టేది. పెద్దమ్మకి మతిమరుపు కాబోలు, కుండని ఒకనాడు పెట్టిన చోట ఇంకోనాడు పెట్టేది కాదు. ఒకరోజు అది వసారాలోనే కనిపించింది. అటునుంచి ఎవరో "మజ్జిగ" అన్నారు. చేసేది లేక సంపూర్ణమ్మ గడప దాటింది. అదృష్టం కొద్దీ అందరూ మంచి ఆకలి మీదున్నారు, ఒక్కరూ తలెత్తలేదు. బతికానురా దేవుడా అనుకుంటూ వరసంతా పోసేసింది. ఆ మర్నాటినుంచి వసారా ఆమెదే అయింది.

అదంతా గుర్తు చేసుకుంటూనే ఆవిడ అన్నం గిన్నె మెట్ల కింద పెట్టి వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఆ కార్తీకమంతా వసారాలో నడిచిన తంతు చూసినవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. మర్యాద మానుకోవడం గోదావరోళ్ళకి ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక మేష్టరు నూతి దగ్గరికి వెళ్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. మణిశంకర్ వడియం విసిరి దొరికిపోయి, ఒకపూట నెయ్యి లేకుండా తిన్నాడు. అందరికంటే అవస్థ సంపూర్ణమ్మది. గిన్నె పెట్టి వెనక్కి తిరిగేసరికి "తినవే తల్లీ" అన్న మాట గొంతుదాకా వచ్చేది. కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తేది.

ఆ ముగ్గుగీత రోజూ పొద్దున్నే కొత్తగా వేసేది. రెండో వారంలో ఒకనాడు పిండి మీద పంజా ముద్ర కనిపించింది. అందరూ వెళ్ళిపోయాక జున్ను పీటలదాకా వచ్చి వెళ్ళిందన్నమాట. ఆవిడ ఆ ముద్రని చెరపబుద్ధి కాక, దాని చుట్టూ గీత వంపు తిప్పి వేసింది. కానీ ఎవరైనా ఉండగా జున్ను గిన్నె దాటి ఇవతలికి రాలేదు. కార్తీకం చివరికొచ్చేసింది.

వసారాలో నియమం తప్పనిది భాస్కరం ఒక్కడే. భక్తితో కాదు, పంతంతో. కుక్క మొహం చూస్తే సూదులే గుర్తొస్తున్నాయని పీట గోడవైపు తిప్పేసుకున్నాడు. పదకొండేళ్ళ పీటని కుక్క కోసం వదులుకోవడమేంటని చోటు మాత్రం మార్చలేదు. అలిగి మాట కూడా తగ్గించాడు. చూడడు, పిలవడు, గోడని చూస్తూ తిని లేచిపోతాడు.

అమావాస్యకి రెండు రోజులుందనగా, మధ్యాహ్నం, పప్పూ కూరా అయ్యాయి. చారన్నంలో ఉన్నారు. సంపూర్ణమ్మ మజ్జిగ కుండ తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. తిరిగి గడప దగ్గరికి వచ్చేసరికి వసారాలో అప్పడం విరిగిన చప్పుడు కూడా లేదు.

జున్ను గీత దాటింది. ఒక్కో అడుగూ తడుముకుంటూ వచ్చి, ఎనిమిదిమందిలో తనవైపు ఒక్కసారైనా తిరగని ఆ వీపుని వాసన చూసింది. చూసి, నిట్టూర్చి, భాస్కరం వీపుకి తన వీపు ఆనించి పడుకుంది. ఆయన కలుపుతున్న ముద్ద చేతిలోనే ఆగిపోయింది. మిగతా ఏడుగురూ ఆకుల్లోకి తలలు వంచేశారు. అల్లరి మణిశంకర్ కూడా గడ్డం గుండెకి ఆనించుకున్నాడు. బుల్లియ్య ఆవేళ రానేలేదు, వాళ్ళకి ఎవరూ గుర్తు చెయ్యనూ లేదు.

కుండ చేతుల్లో పట్టుకుని సంపూర్ణమ్మ గడపమీద ఆగిపోయింది. ఈ వంగిన తలల్ని తను ఇదివరకు చూసింది. ఇదే వసారా, ఇదే గడప, చేతిలో మజ్జిగే.

ఆకలి కాదు. ఆరోజు వాళ్ళెవరికీ అంత ఆకలి లేదు. పెద్దమ్మ వాళ్ళకి ముందే చెప్పి ఉంచింది, పిల్ల బయటికొస్తే ఎవరూ తలెత్తకండని. కుండ చోటు మారడం మతిమరుపూ కాదు. ఎనిమిది నెలలు బెత్తెడు బెత్తెడు జరుపుకుంటూ వచ్చింది. ఎప్పుడూ రమ్మని అనలేదు, ఎందుకు రావని అడగలేదు, పోయేదాకా ఆ మాట ఎత్తనే లేదు. పెద్దమ్మ పోయి పదిహేనేళ్ళు. ఆవిడ చేసిన మేలేంటో తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టిందే అని సంపూర్ణమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ కుండ.

"సంపూర్ణమ్మగారూ" అంది ఒక గొంతు. అది భాస్కరం గొంతని గుర్తుపట్టడానికి ఆవిడకి క్షణం పట్టింది. అంత చిన్నగా ఆయన మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "మజ్జిగండి. మెల్లిగా రండి, పడుకుంది. ఆ కార్తీకం సంగతి తర్వాత చూద్దాం లెండి."

ఆవిడ అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి ఆయన ఆకులో మజ్జిగ పోసింది. ఇంకొంచెం వేసుకోమని అనలేదు.