బోగీల వినబడ్డ కూత

నేను చెప్పేదాంట్ల ఒక్క ముక్క అబద్ధమున్నా రేపు పొద్దుగాల నా గొంతు లేవొద్దు. గంతే. నమ్ముతరో నమ్మరో మీ ఇష్టం.

నేను ఎసొంటిదాన్నో మీకెరికే కదా. రోడ్డు దాటాల్నంటే ఎవరన్నా దాటేదాక ఆగి, వాళ్ల ఎనక దాటేదాన్ని. ఆరోజు సుత గిట్లనే. ఎవరో పంపిన తప్పు మెయిల్‌కు మా మేనేజర్ అందరి ముంగట నన్ను తిట్టిండు. పంపింది నేను కాదని చెప్పాలె కదా... సారీ సార్ అన్న.

స్కూల్ల ఉన్నప్పుడు గిట్ల ఉండేదాన్ని కాదు. సీతాఫల్‌మండిల మా స్కూలు కబడ్డీ టీంల నేనే ముందు. కూతకు పోతే ఎవరినో ఒకరిని తాకకుండ వాపస్ రాకపోయేదాన్ని. అవతలి పిల్ల కూతకొచ్చిందనుకో, మడమ దొరికిందంటే ఇడిచేది లేదు. నా కూతల ఒక అలవాటుండె. 'డ్డీ' దగ్గర జెర సాగదీసి, మళ్ల 'క'ను మింగేదాన్ని. కండ్లు మూసుకున్నా స్వరూప కూత గుర్తుపడ్త అని మా ఆటల మేడం నవ్వేది. పెండ్లయింది, నౌకరీ షురూ అయింది... అదంత ఎటు పోయిందో.

సరే. ఆరోజు పని ఒడవక లేటైంది. సికింద్రాబాద్‌ల లోకల్ రైలెక్కిన. మా సీతాఫల్‌మండి తర్వాతి స్టేషనే. లేడీస్ బోగీల నేను, నా ఎదురుంగ ఇంకొకామె. గంతే. ఆమెది శ్రీకాకుళం దిక్కు. ఇక్కడ ఏ.ఎస్. రావు నగర్‌ల ఉంటరంట, చెల్లె ఇంటికి పోతున్న అని చెప్పింది.

సగం దూరంల రైలు ఆగింది. లైట్లు పోయినయ్. ఫ్యాన్లు తిరిగి... తిరిగి... ఆగినయ్. బయట వాన చుక్కలు రేకు మీద పడుతున్నయ్. టప్... టప్...

గప్పుడు వినబడ్డది.

కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ...

మెల్లగ. గుసగుస లెక్క. నా ఎనక సీటు కెల్లి. ఎవరన్నా ఫోన్ల వీడియో చూస్తున్నరేమో అనుకున్న. తిరిగి చూసిన... సీటు ఖాళీ. కూత ఆగలే. నడుమ ఊపిరి తీసుకుంటలేదు. అంతసేపు ఏ మనిషీ దమ్ము పట్టలేడు. నా మెడ మీద ఎంట్రుకలు లేచినయ్. ఎందుకంటే... 'డ్డీ' సాగుతున్నది. 'క' మింగుతున్నది.

అది నా కూత.

నాకు తెల్వకుండనే నా నోట్లకెల్లి వస్తున్నదేమో అని పెదాలు గట్టిగ మూసిన. నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్న. అయినా ఆగలే. నా భుజం పక్కకెల్లి ముంగటికి పోయింది... తలుపు దిక్కు... ఎవరో నడుస్తున్నట్టు.

అదే తలుపుల నుంచి ఒకడు పైకెక్కిండు. పట్టాల మీదికెల్లి.

ఎదురుంగున్నామె ఫోన్ లైటేసింది. వాడు సీదా ఆమె మీదికి పోయి, మెడల పుస్తెలతాడు పట్టి గుంజిండు. ఆమెకు అరుపు సుత ఎల్లలే. ముందటి రోజైతే నేను కండ్లు మూసుకునేదాన్ని. కానీ నా మోకాళ్లు... వాటంతట అవే ఒంగినయ్. కూత ఇంక చెవులల్లనే ఉన్నది. కిందికి దుంకి వాని మడమ రెండు చేతులతోని పట్టిన. గుంజిన. వాడు దబ్బున పడ్డడు. రెండో కాలుతోని నా మోచేతి మీద తన్నిండు. మళ్ల తన్నిండు... నేను ఇడువలే. వాడు తాడు ఇడిచేదాక నేను ఇడువలే. ఆఖరుకు కాలు గుంజుకొని, బయటికి దుంకి, చీకట్ల పడి ఉరికిండు.

లైట్లొచ్చినయ్. సరిగ్గ అప్పుడే నా చెవి పక్కన ఎవరో పెద్దగ ఊపిరి ఇడిచిండ్రు. హా... అని. కూతకు పోయి గీత దాటి వాపస్ వచ్చినోళ్లు ఇడిచినట్టు.

కూత ఆగింది.

రైలు కదిలింది. ఆమె తాడు గుప్పిట్ల పట్టుకొని కూసున్నది. నన్నే చూస్తున్నది. అడిగింది.

"అక్కా, ఆ కబడ్డీ కబడ్డీ అన్నది ఎవులు?"

"నేనే అన్ననేమో" అన్న.

"నువ్వు కాదు. లైటేసి సూసినాను కదా... నీ నోరు మూసే ఉంది."

అంటే నాకొక్కదానికే కాదు. ఆమెకు సుత వినబడ్డది.

తెల్లారి మేనేజర్ మళ్ల పిలిచిండు. మళ్ల వేరేటోళ్ల తప్పే. నా మోచేతికి కట్టున్నది. నిలబడ్డ. "అది నేను చేయలే సార్. చేసినోళ్లను అడగండి. నా మీద అరవకండి" అన్న. ఆయన సరే పోండి అన్నడు. ఆఫీసంత చూస్తుండగ నా సీటు దాక నడిచొచ్చిన. ఆ నడక నాకు తెలిసిందే. గ్రౌండ్‌ల నడిచిన నడక.

ఆదివారం మా బిల్డింగ్ మీదికెక్కి, ఎవరు లేనప్పుడు కూత పెట్టి చూసిన. సాగదీసుడు అదే. మింగుడు అదే. కానీ నాలుగుసార్లు అనేసరికి దమ్ము అయిపోయి దగ్గొచ్చింది. మరి ఆ రాత్రి... నడుమ ఊపిరి తీసుకోకుండ... అంతసేపు...

మడమ పట్టింది నేనే. ఎవరి ముంగటైనా ఛాతీ మీద చెయ్యేసుకొని చెప్త. కానీ కూత పెట్టింది ఎవరో... నాకు ఇప్పటికి సుత తెల్వది.