స్ప్రింగులు డబ్బాలోనే ఉండిపోయాయి

2014లో నా షాపు రాయ్‌పూర్‌లో, పండరీ బజారు వెనక సందులో ఉండేది. కార్ల సస్పెన్షన్ పని తప్ప ఇంకోటి చేసేవాణ్ణి కాను. అప్పుడు రైల్వే కాలనీ నుంచి రవి అనే కుర్రాడు వచ్చాడు. మన శ్రీకాకుళం వాళ్ళే. పాతదే అయినా మంచి స్పోర్టీ కారు, రెండే తలుపులు. చేతిలో లోవరింగ్ స్ప్రింగుల డబ్బా.

ఈ స్ప్రింగులు కంపెనీ వాటికంటే పొట్టిగా, గట్టిగా ఉంటాయి. బండి నేలకి దగ్గరవుతుంది, మలుపులో అంతగా ఒరగదు. మరీ పొట్టివి వేస్తే స్పీడ్ బ్రేకర్ మీద బండి పొట్ట గీసుకుంటుంది.

"షోకు కోసమా?" అన్నాను.

"కాదు బాబాయ్. నాన్న కోసం. అభన్‌పూర్‌లో మేనత్తకి బాగాలేదు, ప్రతి ఆదివారం చూసొస్తాడు. బస్సులో నిలబడైనా పోతాడు గానీ నా కారెక్కడు. అడిగితే, నీ బండి ఊగుతుందిరా అంటాడు. ఆ ఊగుడు తీసెయ్, చాలు."

ఖాళీ బండిని కొలిచి స్ప్రింగు ఎంచకూడదు. కూర్చునేవాళ్ళని కూర్చోబెట్టి, టైరుకీ పైనున్న రేకుకీ మధ్య సందు చూడాలి. అందుకని వాళ్ళ నాన్నని తీసుకురమ్మన్నాను.

రవి తండ్రి సింహాచలం గారు రైలింజను నడిపి రిటైరైన మనిషి. వస్తూనే, "నా బరువే కావాలంటే ఇసుక బస్తా పెట్టుకో" అన్నాడు. కొడుకు మీద కోపమనే నేనూ అనుకున్నాను. రవి ముఖం మాడ్చుకుని చాయ్ తేవడానికి పోయాడు.

ఈలోగా కింద చూద్దామని కారుని లిఫ్ట్ మీద కాస్త లేపాను. సీటు ఆయన నడుం ఎత్తుకొచ్చింది. ఆయన అటూ ఇటూ చూసి, తలుపు తీసి, పక్కకి కూర్చుని, కాళ్ళు లోపలికి తిప్పుకున్నాడు.

"ఇలా బాగుందయ్యా. ఇదే ఎత్తులో రోడ్డు మీద నడపమను."

"ఊగుతుందన్నారట?"

"ఊగితే నాకేంటి? ముప్పై ఏళ్ళు ఇంజన్లో ఊగినోణ్ణి. మోకాలు వంగదు. కింద సీట్లోంచి లేవాలంటే వాడు చెయ్యిచ్చి లాగాలి. మా చెల్లి వాకిట్లో, అందరి ముందు. నాకొద్దు."

రవి అప్పటికే వెనక నిలబడ్డాడు, చేతిలో గ్లాసులతో. ముందు తండ్రికి చాయ్ ఇచ్చాడు. తరవాత డబ్బా తీసి డిక్కీలో పడేశాడు.

"బాబాయ్, సీటు లేపొచ్చా?"

"కింద దిమ్మలు పెడితే కొంచెం లేస్తుంది. లిఫ్ట్ మీదున్నంత రాదు."

"అయితే పిడి వెయ్యి," అన్నాడు పెద్దాయన. "ఇంజను మెట్ల పక్కనుంటుందే, నిలువు కడ్డీ, అలాంటిది. నా చెయ్యి నాకు చాలు."

తలుపు పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటే కడ్డీ బిగించకూడదు. ఆ పాత బండికి లేదు, బిగించాను. సీటూ లేపాను. స్ప్రింగులు ముట్టుకోలేదు.

లిఫ్ట్ దించాక కడ్డీ పట్టుకుని ఆయనే కూర్చున్నాడు, ఆయనే లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. "ఇంక పోనీరా, ఊగితే ఊగనీ" అన్నాడు.

ఆనాటి నుంచీ, బండి కిందకి దించమని వచ్చినవాణ్ణి ఎన్ని అంగుళాలని ముందే అడగను. ఎవరు ఎక్కుతారో వాళ్ళని తీసుకురా అంటాను. తిట్టుకుని వేరే షాపుకి పోయేవాళ్ళూ ఉన్నారు. పోనీ.