సాలెపురుగు ముహూర్తం

ఆ రోజుల్లో లోకానికి ఉన్న అసలు కొరత సమాచారమేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. నీళ్లు, కరెంటు, ఉద్యోగాలు అన్నీ దాని తర్వాతే. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని తెలియకుండా ఒక మనిషి హాయిగా ఆబిడ్స్ చౌరస్తా దాటి వెళ్లిపోతుంటే నాకు జాలేసేది. ఇప్పుడు ప్రతి ఫోనూ తెల్లారేసరికి ఇలాంటివి పది పంపుతోంది. అందరూ చదువుతున్నారు, ఎవరిలోనూ ఏ మార్పూ రాలేదు (ఆక్టోపస్‌లోనూ రాలేదు). కానీ అప్పుడు నాకు ఇంజినీరింగ్ కొత్తగా పూర్తయింది, కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది, అందులో చేరాల్సిన తేదీ దగ్గర 'త్వరలో' అని రాసింది. ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ "మావోడు త్వరలో ఇంజినీరు" అని చెప్పేది. ఆ 'త్వరలో' నెలల తరబడి సాగడంతో మా చిన్నాయన విసుగెత్తి, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ప్రెస్ నడిపే తన దోస్తు దగ్గరికి నన్ను తీసుకెళ్లాడు. ఆయన్ను అందరూ సేటు అనేవాళ్లు.

సేటు ఏటా గోడ క్యాలెండర్ వేసేవాడు. రోజుకొక కాగితం చింపే రకం. తేదీ పెద్దక్షరాల్లో, దాని కింద తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, అన్నిటికంటే అడుగున రెండు లైన్ల ఖాళీ. దుకాణాల వాళ్లు పైన తమ పేరు వేయించుకుని గిరాకీలకు పంచేవాళ్లు. ఆ రెండు లైన్లలో అప్పటిదాకా మంచి మాటలు వచ్చేవి. "గవి సదివి సదివి జనం బేజారయిన్రు ఇంజినీర్ సాబ్," అన్నాడు సేటు. "పొద్దుగాల లేవాలె, అబద్ధమాడొద్దు, గివే. ఎవ్వడు లేస్తలేడు, ఎవ్వడు మానుతలేడు. ఏమన్న నయా మాల్ పెట్టు." నేను ఇలాంటి పిలుపు కోసమే పుట్టానేమో అనిపించింది. చరిత్ర, సంస్కృతి, ఆటలు, ప్రకృతి అని నాలుగు భాగాలు చేసుకున్నాను. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో బోర్లా పడి ఏడాదికి సరిపడా వింతలు ఏరాను. ఒకే పుస్తకంలో కనబడిన వింతను నమ్మలేదు, రెండో చోట కూడా దొరికితేనే తీసుకున్నాను. అంతటితో ఆగకుండా ప్రతిదానికీ 'కొన్ని', 'దాదాపు', 'సాధారణంగా' అని ముందు జాగ్రత్తలు చేర్చాను. వీటి మీద సేటుకూ నాకూ రోజూ తగాదానే. "గీ 'కొన్ని' దేనికి, ఉత్తగ జాగ తింటది" అని ఆయన కొట్టేసేవాడు. ఆయన చాయ్‌కి వెళ్లగానే నేను మళ్లీ పెట్టేవాణ్ణి.

ఇక ఏ వింత ఏ తేదీకి అన్నది మిగిలింది. వరసగా పెడితే జనవరి అంతా జంతువులే అవుతాయి. నేను ఎంచి పెడితే నా ఇష్టాలు దూరతాయి. అందుకని కంప్యూటర్‌లో ఒక్కోదానికి యాదృచ్ఛికంగా ఒక సంఖ్య ఇప్పించి, ఆ సంఖ్యల వరసలో తేదీలకు సర్దాను. "మరి ఏ ముచ్చట ఏ తారీఖుకు పడుతదో ఎవరు సూస్తరు?" అని సేటు అడిగాడు. "ఎవరూ చూడరు సేట్. దాని గొప్పంతా అదే," అన్నాను. ఇంత తెలివైన మాట అంతకుముందు ఎప్పుడూ అనలేదని ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ మురిసిపోయాను కూడా.

నేను మరిచిపోయిందల్లా ఒక్కటే, అలాంటి క్యాలెండర్‌ను జనం ఎందుకు చూస్తారన్నది. వర్జ్యం ఎప్పుడు, రాహుకాలం ఎప్పుడు అని వెతుక్కుంటూ కిందికి జారే కంటికి, పంచాంగం ఎక్కడ ముగిసిందో, నేను ఎక్కడ మొదలయ్యానో తెలియదు. కొత్త సంవత్సరం వచ్చి రెండు వారాలు కాకముందే ఒకాయన ప్రెస్‌కు వచ్చాడు. చేతిలో చింపిన కాగితం. "గిది రాసినోడెవరు?" అని అడిగాడు. నేనేనని గర్వంగా చెప్పాను. (మొదటి అభిమాని అనుకున్నాను.) "ఆబిడ్స్‌ల ఒక మల్గి కిరాయికి మాట్లాడుకున్న అన్నా. సెల్‌ఫోన్ కవర్ల దుకాణం పెడదామని. ఇయ్యాల అగ్రిమెంటు రాసుకుందామని పోతే ఓనర్ గోడ దిక్కు సూపెట్టిండు. సన్యాసి పీత పరాయి గుల్లల దూరి కాపురం పెడుతదంట. మల్గి ఇయ్యనంటున్నడు. నేను పీతనా అన్నా?" నిజానికి నేను రాసిన దాంట్లో రెండో వాక్యం ఉంది, పెద్దదయ్యాక ఆ పీత తనంతట తానే గుల్ల ఖాళీ చేసి ఇంకా పెద్దదానికి మారిపోతుందని. జాగా చాలదని సేటు దాన్ని ఎగరగొట్టాడు. నేను ఆ వాక్యాన్ని ఒక తెల్లకాగితం మీద నీటుగా రాసి ఆయనకిచ్చి పంపాను. గంటలో తిరిగొచ్చాడు. "పెద్దగయ్యేదానికి ఎన్నేండ్లు పడుతదని అడుగుతున్నడు." అది ఏ పుస్తకంలోనూ చూడలేదని ఒప్పుకోవలసి వచ్చింది. పాపం ఆయన చివరికి చాదర్‌ఘాట్‌లో దుకాణం తెరిచాడు. అక్కడి ఓనర్ ఇంట్లో వేరే క్యాలెండర్ ఉండేదట.

ఇలాంటివి రోజుకొకటి వచ్చేవి. ఉష్ట్రపక్షి కన్ను దాని మెదడు కంటే పెద్దదని పడిన రోజున మా ఎదురింటి టైలర్ కళ్లద్దాల దుకాణానికి పోవడం వాయిదా వేశాడు. సేటు మాత్రం ఆనందంలో ఉన్నాడు. "సదువుతున్నరు గదా. గంతకంటె ఏం గావాలె," అనేవాడు. నేనూ ఇంటికొచ్చి ఈ కథలన్నీ చెప్పి నవ్వేవాణ్ణి. మా అక్క అందరికంటే ఎక్కువ నవ్వేది. అప్పటికే ఆమెకు గౌలిగూడ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు అక్కడ పార్సిల్ ఆఫీసు నడుపుతాడు. నెమ్మదస్తుడు, అడిగితే తప్ప మాట్లాడడు. అక్క బషీర్‌బాగ్‌లో బడి టీచరు, అడగకపోయినా మాట్లాడుతుంది. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు, పైగా రెండిళ్లలో పెద్దవాళ్లకూ నచ్చారు. మా వైపు ఇలా అందరికీ ఒకేసారి నచ్చడం చాలా అరుదు. మాఘంలో ముహూర్తం పెట్టుకున్నారు. ఆ సంతోషంలో నేను కొత్త క్యాలెండర్ ఒకటి పట్టుకెళ్లి, గౌలిగూడ వాళ్ల ముందుగదిలో నా చేత్తోనే మేకు కొట్టి తగిలించి వచ్చాను.

పెళ్లి ఇంక కొన్నాళ్లుందనగా పెళ్లికొడుకు నాయినమ్మ ఫోన్ చేసింది. ఆ ఇంట్లో ఏదైనా ఆమె మాటే. "ముహూర్తం సంగతి మాట్లాడాలె. జర వచ్చిపోండ్రి. ఆ క్యాలెండర్ పిల్లగాన్ని గుడ తోల్కరండ్రి," అంది. అక్క నా మొహం చూసింది. నేను పరుగెత్తి మా ఇంటి క్యాలెండర్‌లో పెళ్లి తేదీ తీశాను. అక్కడ, నేను రాసిన మాటల్లోనే, కొన్ని రకాల సాలెపురుగుల్లో ఆడది జతకట్టాక మగదాన్ని తినేస్తుందని ఉంది. అక్క ఈసారి నవ్వలేదు. చెప్పులేసుకుంటున్న నా దగ్గరికొచ్చి మెల్లగా, "నాకు ఆయన మంచిగనిపించిండురా. ఈ సంబంధం పోతే నీ మొహం సూడ. ఆడ నువ్వు నోరు తెరవకు. ఏమడిగినా ఔ అను," అంది.

నేను, అమ్మ, చిన్నాయన వెళ్లాం. నాయినమ్మ నేను కొట్టిన మేకు కిందే కుర్చీ వేసుకుని కూర్చుంది. కాబోయే బావ ఒక మూల స్టూలు మీద తల వంచుకుని ఉన్నాడు. చాయ్ వచ్చింది, ఎవరూ తాగలేదు.

"గీ సాలెపురుగు ముచ్చట నువ్వే రాసినవా పిల్లగా?"

"ఔ."

"గీ తారీఖుకు నువ్వే పెట్టినవా?"

ఔ అనాల్సింది. కానీ అది నిజం కాదు. పైగా అక్క పెళ్లి రోజుకు నేనే కావాలని సాలెపురుగును పెట్టినట్టవుతుంది. "లేదు నాయినమ్మా, కంప్యూటర్ పెట్టింది," అన్నాను.

"పెట్టుమని నువ్వు చెప్పినవా?"

"ఏది యాడ పెట్టాలనేది చెప్పలే. దానంతట అదే పెట్టింది."

"గా రోజు మనింట్ల పెండ్లని దానికి ఎరికేనా?"

"దానికెట్ల తెలుస్తది నాయినమ్మా. అప్పటికి సంబంధమే కుదరలే."

"సేటుకు?"

"ఆయనకూ తెల్వదు."

ఆమె నా వైపు కొంచెం వంగింది. "నీకు తెల్వక, సేటుకు తెల్వక, మిషన్‌కు తెల్వక గీ ముచ్చట సక్కగ మా పెండ్లి తారీఖు మీదకే వచ్చిందంటె, మరి తెచ్చింది ఎవరు బిడ్డా?"

నేను సంభావ్యతా శాస్త్రం చదివాను. అందులో మంచి మార్కులు కూడా వచ్చాయి. దేనికైనా ఏ తేదీకైనా పడే అవకాశం సమానమని, ఏదో ఒకటి ఆ తేదీకి పడక తప్పదని చెబుదామని నోరు తెరిచాను. ఆమె కళ్లు చూసి మూసేశాను. నేను ఎంత వివరంగా ఎవరూ కారణం కాదని రుజువు చేస్తే, ఆమె దేవుడు అంత గట్టిగా రుజువవుతున్నాడు. చిన్నాయన నా మోకాలు నొక్కాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అని చూశాను. (నవ్వు ఆపుకుంటున్నానని తర్వాత ఒప్పుకుంది. అక్కకు ఇప్పటికీ చెప్పలేదు.)

"తారీఖు మారుద్దాం," అంది నాయినమ్మ. "అయ్యగారు ఇంక మూడు ముహూర్తాలు చెప్పిండు. క్యాలెండర్ దింపు. నువ్వే సదువు, నువ్వే రాసినవ్ గదా."

దింపాను. మొదటి తేదీ తీసి గొంతు సవరించుకున్నాను. సముద్రపు గుర్రాలనే చేపల్లో గర్భం మోసేది మగదేనని ఉంది. నాయినమ్మ మెల్లగా తల తిప్పి మనవడి పొట్ట వైపు చూసింది. ఆయన చొక్కా సర్దుకున్నాడు. "ఇంకోటి," అంది. రెండోది ఆటల్లో పడింది. నాకు ధైర్యం వచ్చింది. ఒకప్పుడు ఒక క్రికెట్ టెస్టు మ్యాచ్ పది రోజులు దాటి సాగినా గెలుపోటములు తేలలేదని, బయటి జట్టుకు ఓడ ఎక్కే వేళైందని ఆట ఆపేశారని చదివాను. "పది దినాల పెండ్లా," అంది నాయినమ్మ. "ఆఖరికి ఏం తేలకుండ ఎవరింటికి వాళ్లు పోయిన్రా." చిన్నాయన దగ్గాడు. మూడోది తీశాను. చరిత్రలో అన్నిటికంటే చిన్న యుద్ధం గంట కూడా నడవలేదని ఉంది. వేకువన లేవడం ఆరోగ్యానికి మంచిదన్న వాక్యాన్ని నేను జీవితంలో ఎప్పుడూ ఇంతగా కోరుకోలేదు.

అప్పుడు మూలలోంచి మాట వినబడింది. "నాయినమ్మా, నాకు సాలెపురుగే మంచిగుంది."

"తినేస్తదంటున్నర్రా."

"తింటె తిననియ్యి. కడుపు మొయ్యాలంటె నాతోటి గాదు."

నాయినమ్మ ఆయన్నే చూస్తోంది. ఆయన తల ఎత్తకుండానే ఇంకో మాట అన్నాడు. "ఇంకోటి, గాడ 'కొన్ని' అని ఉంది. సక్కగ సదువు. కొన్నే తింటయి. అన్ని తినయి."

ఆమె క్యాలెండర్ నా చేతిలోంచి తీసుకుని, ముక్కుకు దగ్గరగా పెట్టుకుని ఆ లైన్ మళ్లీ చదివింది. "ఔ, ఉంది. గీ 'కొన్ని' అనేది గుడ మిషనే పెట్టిందా?"

"లేదు నాయినమ్మా. అది నేనే పెట్టిన. సేటు తీసేస్తే మళ్ల పెట్టిన."

"అయితె నీకు జర అకల్ ఉంది," అంది నాయినమ్మ, చల్లారిన చాయ్ గ్లాసు అందుకుంటూ. ఆ ఏడాది మొత్తం క్యాలెండర్‌కు నాకు దక్కిన మెప్పు, తెలివి ఉందన్న ఆ ఒక్క మాటే. పెళ్లి అదే తేదీకి జరిగింది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఆమె నా పక్కకొచ్చి, "మీ అక్కకు తిండి ఎక్కువనా, తక్కువనా?" అని అడిగింది. తక్కువే అని చెప్పాను. దాదాపు అని చేర్చబోయి ఆగిపోయాను.

ఆ వేసవిలో నాకు చేరాల్సిన తేదీ వచ్చింది. సేటు మరుసటి ఏడు మళ్లీ మంచి మాటలకే తిరిగిపోయాడు. నేనిప్పుడు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని చేస్తున్నాను. ఎవరూ చేయకుండా ఏదైనా తప్పు దొర్లితే మీటింగులో 'యాదృచ్ఛికం' అంటాను, అందరూ తలూపి రాసుకుంటారు. తెచ్చింది ఎవరని ఎవరూ అడగరు. అడిగే మనిషి గౌలిగూడలో ఒక్కతే ఉండేది, ఆమె ఇప్పుడు లేదు. లోకానికి సమాచారం చాలడం లేదని జాలిపడిన ఆ కుర్రాడు తలుచుకున్నప్పుడల్లా ముచ్చటగానే కనిపిస్తాడు, కొంచెం దూరంగా ఉన్నాడు కాబట్టి.

పోయిన నెల నా పెళ్లికి ముహూర్తం కుదిరింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ చూడకుండా గోడ మీది సేటు క్యాలెండర్ దగ్గరికి వెళ్లి ఆ తేదీ తిప్పాను, అలవాటుకొద్దీ అంతే. భోజనానికి ముందు చేతులు కడుక్కోవాలని ఉంది. ఎందుకో కాస్త వెలితిగా అనిపించింది. అంతలో ఫోన్ మోగింది, బావ.

"ఏం పడ్డది నీ తారీఖుకు?"

"చేతులు కడుక్కోవాలంట బావా."

వెనక నుంచి అక్క ఆయన్ను ఏదో గట్టిగా అడుగుతున్నది వినబడింది.

"బతికిపోయినవ్ బామ్మర్ది," అని ఆయన గొంతు తగ్గించి ఫోన్ పెట్టేశాడు.