సున్నా రాసిన ప్రాక్టికల్

అరవైల చివర్లో విజయనగరంలో బీయస్సీ చదివాను. మా కెమిస్ట్రీ మాస్టారు గాఢతా ఘటం (కాన్సంట్రేషన్ సెల్) పాఠాన్ని ఒక్క అంకెతో ముగించేవారు. రెండు బీకర్లలో మైలుతుత్తం ద్రావణం, ఒకటి చిక్కన, రెండోది దానికి పదోవంతు పలచన. రెండింట్లో రాగి కడ్డీలు, మధ్య ఉప్పు వంతెన. "ముప్పై మిల్లీవోల్టులు వస్తాయి, రాసుకోండి." ఎందుకొస్తాయని అడిగితే, "పరీక్షలో అడుగుతారు కాబట్టి" అనేవారు. ఆయన రసాయన శాస్త్రం అంతవరకే.

నేను మొండివాణ్ణి. కూర్చుని ఆ ముప్పైని లెక్కగట్టే సూత్రం విప్పుకున్నాను. అందులో క్యూ అంటే రెండు గాఢతల నిష్పత్తి. చిక్కనా పలచనా సమానం కావాలని చూస్తాయి, ఆ ఆరాటమే కరెంటు. సమానమైపోతే క్యూ ఒకటి, ఒకటికి లాగరిథం సున్నా, కరెంటూ సున్నా. అర్థమైన రోజున హోటల్లో రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను.

డిగ్రీ తప్పితే కొత్తవలసలో మావ కలప అడితిలో కూర్చోవాలని నాన్న ముందే తేల్చేశాడు. ప్రాక్టికల్ పరీక్ష నాడు మాస్టారికి నీళ్ళు కలిపే ఓపిక లేకపోయింది. ఒకే జాడీలోంచి రెండు సీసాలూ నింపి, ఒకదానికి 'పలచన' అని చీటీ అంటించారు. చీటీ చూసి ద్రావణం పలచబడుతుందని ఆయన నమ్మకం కాబోలు.

మీటరు ముల్లు కదల్లేదు. నేను సున్నా రాశాను. పక్క బల్ల దగ్గరున్న స్నేహితుడు కంగారు పడ్డాడు.

"ఒరే, సున్నా రాస్తే నీకూ సున్నాయే ఏస్తారు. ముప్పై రాసీ."

"ముల్లు కదల్లేదు కదరా."

"ముల్లుతో నీకేటి పని? మాస్టారు సెప్పినారు కదా."

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి మాస్టారింట్లో కడుపునిండా భోంచేసి వచ్చి నా కాగితం చూశాడు. "అందరికీ వచ్చిన ముప్పై నీకెందుకు రాలేదోయ్?"

రెండు ద్రావణాలూ ఒకటేనని, క్యూ ఒకటని చెప్పబోయాను. మాస్టారు అడ్డొచ్చి, "చేతకాక, సార్" అన్నారు. పరీక్షాధికారి తలూపి ముందుకు నడిచాడు.

ఫలితాలొచ్చాయి. తరగతిలో తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. నాన్న అడిగాడు. "అందరూ పాసైపోనారు. నీకేటైనాదిరా?"

"నాకు పాఠం అర్థమైంది, నాన్నా" అన్నాను.